కృష్ణ ఒడ్డున పిట్టలు చూడాలంటే

చిరంజీవి మేనల్లుడికి, మామ ఆశీస్సులు.

పులికాట్‌లో ఫ్లెమింగోలు చూసి వచ్చావని, సంక్రాంతికి ఇక్కడ సంగమేశ్వరం దిక్కు కూడా పోతావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది నాయనా. నా మోకాళ్లు సహకరించవు కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

సముద్రానికి రోజుకు రెండు పోట్లు. మన కృష్ణకు ఏడాదికి ఒకటే. శ్రీశైలం డ్యాం 885 అడుగులకు నిండితే సంగమేశ్వరుడి గుడి మునిగిపోతుంది. తర్వాత నీళ్లు మెల్లమెల్లగా వెనక్కి పోతాయి. కొత్తగా తేలిన ఆ తడి బురదలోనే పురుగూ నత్తా దొరికేది. పిట్టలు ఆ అంచును పట్టుకొనే కదులుతుంటాయి. అందుకే పోయినేడు నేను చూపించిన చోటు ఈసారి పనికిరాదు. నీళ్లు ఎక్కడున్నాయో పుట్టి వేసేవాళ్లను అడుగు.

తెల్లవారేసరికి అక్కడుండాలి. చలికాలం నెలల్లో ఎక్కువగా తూర్పు నుంచే గాలి వస్తుంది. ఈకలు రేగకుండా పిట్టలు గాలికి ఎదురుగా నిలబడతాయి, లేచినా గాలికి ఎదురుగానే లేస్తాయి. కాబట్టి నీళ్లకు తూర్పున కూర్చో. ఎండ నీ వీపు మీద పడుతుంది, పిట్టల మొహాలు నీ వైపుంటాయి. నాకిది తెలియడానికి చాలా చలికాలాలు పట్టింది. అంతవరకు వాటి తోకలే చూశాను!

బైనాక్యులర్ 8 రెట్లది చాలు. 10 రెట్లది గాలికి చెయ్యి వణికితే ఏమీ కనపడనీయదు. కింద కూర్చుని మోచేతులు మోకాళ్లకు ఆనించు. చెవులకు టవల్ చుట్టుకో.

ఎర్రటి పొడుగు కాళ్ల స్టిల్టులు, నత్తగుల్ల కొంగలు తేలిగ్గా కనపడతాయి. బురద రంగులో కలిసిపోయి, కుట్టుమిషన్ సూదిలా ముక్కు ఆడిస్తూ పరుగెత్తే స్టింట్‌ల మీద మాత్రం ఓపిక పెట్టు. 30 గ్రాములు కూడా తూగని ప్రాణం, ఉత్తరధ్రువం దగ్గరి నేలల నుంచి మన రేగడి దాకా ఎగిరొస్తుంది. దాన్ని తరిమి ఫొటో తీయొద్దు. తినే పొద్దు అది. కదలకుండా ఉంటే అదే నీ దగ్గరికి వస్తుంది.

రేగడి బురద పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల మోకాలి దాకా దిగబడుతుంది. మేకల అడుగులున్న చోటే నడువు. గాలి లేచినాక పుట్టి ఎక్కొద్దు, ఎవరు రమ్మన్నా సరే.

ఫిబ్రవరి దాటినాక మళ్లీ వస్తే బండి గట్టు మీదే ఆపు. తీతువులు, నది రేవు పిట్టలు గూడు కట్టవు, వట్టి నేల మీదే గుడ్లు పెడతాయి. గులకరాళ్లలాగే ఉంటాయవి. తీతువు నెత్తి మీద అరుస్తూ తిరిగిందంటే ఆగి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రా.

మీ మామ
నందికొట్కూరు