ఒక్క అంకెలో వారం సంతలన్నీ: డేటాబేస్ సందేహాలు

(ఆదేశాలను తెలుగు లిపిలో అచ్చేస్తున్నాం. మెషీన్‌లో కొట్టేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు కీవర్డులే కొట్టండి. గుర్తులు మాత్రం ఇక్కడున్నవే.)

ప్రశ్న: మాది కిరాణా హోల్‌సేల్ కొట్టు. మా దగ్గర సరుకు ఎత్తి సంతలకు వెళ్లే చిల్లర వ్యాపారుల పట్టిక మైసీక్వెల్‌లో ఉంది. ఎవరు ఏ రోజు సంతకు వెళ్తారో ‘సంతరోజులు’ అనే ఒక్క కాలమ్‌లో పెట్టాం. సోమ 1, మంగళ 2, బుధ 4, గురు 8, శుక్ర 16, శని 32, ఆది 64. మంగళ, శుక్రవారాలు రెండూ వెళ్లేవాళ్లు కావాలని ‘వేర్ సంతరోజులు = 18’ అంటే నలుగురే వచ్చారు. ‘వేర్ సంతరోజులు & 18’ అంటే సగం ఊరు వచ్చింది. ఏది నమ్మాలి?
– పాఠకుడు, గుణుపూర్ (రాయగడ జిల్లా)

జవాబు: రెండూ నిజమే చెప్పాయి, మీరడిగిన ప్రశ్నకు కాదు, అంతే. ‘= 18’ అంటే ఆ రెండు రోజులూ వెళ్తూ మరే సంతకూ వెళ్లనివాళ్లు. & గుర్తు రెండు అంకెల్లోనూ ఉన్న రోజులనే మిగులుస్తుంది. ‘& 18’ అని వదిలేస్తే, ఆ రెండింటిలో ఏ ఒక్క రోజు వెళ్లినా ఫలితం సున్నా కాదు కాబట్టి మైసీక్వెల్ దాన్ని ‘అవును’ అనుకుంటుంది. మీకు కావలసింది ఇది:

వేర్ (సంతరోజులు & 18) = 18

మంగళ, శుక్ర, శనివారాలు వెళ్లే మనిషి అంకె 2 + 16 + 32 = 50. 50 & 18 చేస్తే 18 మిగులుతుంది, లెక్కలోకి వస్తాడు. శుక్ర, శని మాత్రమే వెళ్లే మనిషి అంకె 48. 48 & 18 చేస్తే 16 మిగులుతుంది. మొదటి క్వెరీలో రాడు, రెండోదాంట్లో వస్తాడు, మూడోదాంట్లో రాడు. ఈ రెండు అంకెలూ కాగితం మీద ఒకసారి వేసుకుంటే మళ్లీ తికమక ఉండదు.

రెండు రోజుల్లో దేనికీ వెళ్లనివాళ్లు కావాలంటే పై షరతు చివర ‘= 18’కు బదులు ‘= 0’ పెట్టండి. మంగళ, శుక్ర తప్ప మరే రోజూ వెళ్లనివాళ్లు (ఒక్క రోజే వెళ్లినా సరే) కావాలంటే, 127లో 18 పోగా మిగిలే 109 తీసుకుని ‘(సంతరోజులు & 109) = 0’ అనండి. ఏ సంతకూ వెళ్లని సున్నాలు కూడా ఇందులో దూరతాయి, కాబట్టి ‘యాండ్ సంతరోజులు <> 0’ చేర్చాలి.

బ్రాకెట్లు మానొద్దు. మైసీక్వెల్ ముందు & చేసి తర్వాత = చూస్తుంది కాబట్టి అవి లేకపోయినా నడుస్తుంది. సీ భాషలో వరుస తిరగబడుతుంది. రెండూ రాసే చేయి ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. కాలమ్‌లో నల్ (ఏ విలువా రాయని ఖాళీ) ఉన్నవాళ్లు ‘= 18’లోనూ, ‘= 0’లోనూ, ‘<> 18’లోనూ కనపడరు. ‘నాట్ నల్ డిఫాల్ట్ 0’ పెట్టేయండి.

మీకు పనికొచ్చే ఇంకో ముక్క: ‘సెలెక్ట్ రూటు, బిట్_ఓఆర్(సంతరోజులు) … గ్రూప్ బై రూటు’ అంటే ఏ రూటుకు ఏయే రోజులు బండి పంపాలో ఒక్కో అంకెగా వస్తుంది. బిట్_కౌంట్(50) అంటే 3, అంటే వారానికి మూడు సంతలు.

ప్రశ్న: కోచింగ్ సెంటర్లో తల్లిదండ్రులకు ఏ భాషలో మెసేజ్ పంపాలో ఇలాగే రాసుకున్నాం: తెలుగు 1, మరాఠీ 2, హిందీ 4, గోండీ 8. హిందీ కావాలన్నవాళ్లకు ‘భాషలు = భాషలు + 4’, వద్దన్నవాళ్లకు ‘– 4’ చేశాం. ఇప్పుడు హిందీ అడిగిన ఇళ్లకు గోండీ వెళ్తోంది.
– పాఠకురాలు, బల్లార్షా (చంద్రపూర్ జిల్లా)

జవాబు: కూడిక వల్లే వచ్చింది. తెలుగు, హిందీ ఉన్న ఇంటి అంకె 5. హిందీ ఇప్పటికే ఉందని చూడకుండా మళ్లీ 4 కలిపితే 9, అంటే తెలుగు, గోండీ. హిందీ ఆరిపోయింది, పక్క బిట్ (ఒక్కో భాషకు ఉన్న అవును/కాదు స్విచ్) వెలిగింది. 13 ఉన్నచోట 17 అవుతుంది, మీ జాబితాలో 16కు పేరే లేదు. తీసివేత ఇంకా చెడ్డది. 1లోంచి 4 తీస్తే –3. రుణసంఖ్యలో పైబిట్లన్నీ వెలిగే ఉంటాయి, కాబట్టి ఆ ఇల్లు మరాఠీలో తప్ప మిగతా మూడు భాషల జాబితాల్లోనూ తేలుతుంది.

వెలిగించడానికి: భాషలు = భాషలు | 4
ఆర్పడానికి: భాషలు = భాషలు & ~4

ఈ రెండూ ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే.

ఇక పాడైన వరుసలు. 0 కంటే తక్కువ, 15 కంటే ఎక్కువ ఉన్నవి తప్పని ఖాయం; ముందు అవి ఏరండి. కానీ 9 చూసి అది అసలుదా, 5 చెడి వచ్చిందా చెప్పే క్వెరీ ఏదీ లేదు. కూడిక మొదలుపెట్టక ముందు బ్యాకప్ ఉంటే పక్కన వేరే టేబుల్‌గా ఎక్కించి, ఐడీతో జోడించి, తేడా ఉన్నవి మాత్రం చూడండి. లేకపోతే ఫోన్ చేసి అడగాల్సిందే. తర్వాత ‘చెక్ (భాషలు బిట్వీన్ 0 యాండ్ 15)’ పెట్టండి. మైసీక్వెల్ 8.0.16 కంటే పాతదైతే చెక్‌ను చదివి ఊరుకుంటుంది, అమలు చేయదు. చెక్ కూడా 5ను 9 కానివ్వకుండా ఆపలేదన్నది గుర్తుంచుకోండి.

ప్రశ్న: లక్షల వరుసల టేబుల్. ‘గుర్తులు’ అనే బిట్ల కాలమ్‌కు ఇండెక్స్ ఉంది, అయినా ‘(గుర్తులు & 8) = 8’ నత్తనడక నడుస్తోంది.
– పాఠకుడు, జయపురం (కోరాపుట్ జిల్లా)

జవాబు: ఇండెక్స్ అంకెలను చిన్నది నుంచి పెద్దదిగా పేర్చుతుంది. 8 బిట్ ఉన్నవి 8 నుంచి 15, మళ్లీ 24 నుంచి 31, ఇలా ముక్కలుముక్కలుగా ఉంటాయి. అందుకే డేటాబేస్ ఇండెక్స్‌తో నేరుగా అక్కడికి దూకలేదు, వరుసలన్నీ తిరగేస్తుంది. క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ పెట్టి చూడండి, తెలుస్తుంది. మైసీక్వెల్ 8.0.13 నుంచి ‘((గుర్తులు & 8))’ అనే వ్యక్తీకరణకే ఇండెక్స్ వేయొచ్చు; క్వెరీలోనూ అదే రూపం రాయాలి. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో అదే షరతుతో పాక్షిక ఇండెక్స్ (షరతుకు సరిపోయే వరుసలకు మాత్రమే) వేసుకోవచ్చు. ఆ బిట్ కొద్ది వరుసల్లోనే ఉంటేనే లాభం. సగం వరుసల్లో ఉంటే ఇండెక్స్ ఉన్నా లేనట్టే.

బిట్లు మారని చిన్న జాబితాకే సరి. వారానికి ఏడే రోజులు, సమస్య లేదు. మీ గుర్తులు ఏటా పెరుగుతూ, రోజూ వాటి మీదే వెతుకుతుంటే (ఐడీ, గుర్తు) అని రెండు కాలమ్‌ల వేరే టేబుల్ పెట్టి, గుర్తు మీద ఇండెక్స్ వేయడమే మా ఓటు.

ప్రశ్న: మైసీక్వెల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మారాక ‘గుర్తులు ^ 4’ విచిత్రమైన అంకెలిస్తోంది.
– పాఠకుడు, ధర్మాబాద్ (నాందేడ్ జిల్లా)

జవాబు: మైసీక్వెల్‌లో ఆ టోపీ గుర్తు బిట్‌ను తిప్పుతుంది (వెలిగుంటే ఆర్పుతుంది, ఆరుంటే వెలిగిస్తుంది), పోస్ట్‌గ్రెస్‌లో అది ఘాతం. 3 ^ 4 అక్కడ 7, ఇక్కడ 81. పోస్ట్‌గ్రెస్‌లో # వాడండి. ‘వేర్ గుర్తులు & 4’ అని వదిలేసినవీ పోస్ట్‌గ్రెస్‌లో ఎర్రర్ ఇస్తాయి, ‘<> 0’ చేర్చాలి. మామూలు ఇంటిజర్‌లో 1 << 31 వేస్తే –2147483648 వస్తుంది. అన్ని బిట్లు కావాలంటే కాలమ్‌నూ, ఆ 1నీ బిగింట్ (64 బిట్ల అంకె) చేయండి.