మూలల్లో ఊదారంగు: అడాప్టర్ మార్చినా పోదు

సోనీ ఏ7 డిజిటల్ కెమెరాకి పాత ఫోక్ట్‌లాండర్ 15 ఎంఎం హీలియార్ (లైకా తరహా కెమెరాల కోసం చేసిన వైడ్ లెన్స్) తగిలిస్తే మూలలు ఊదాగా, అలికేసినట్టు వస్తున్నాయి, ఖరీదైన అడాప్టర్ కొనాలా అని అడిగారు. వద్దండీ, డబ్బు దండగ. లైకా ఎం లెన్స్‌కి సెన్సర్ 27.8 మి.మీ. దూరంలో ఉండాలి, సోనీలో అది 18 మి.మీ. మిగిలిన 9.8 మి.మీ. పూడ్చడమే అడాప్టర్ పని. అది సరిగా లేకపోతే ఫోకస్ తప్పుతుందే గానీ రంగు మారదు.

అసలు సంగతి వేరు. లైకా ఎం లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాలో లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య అద్దం ఉండదు కాబట్టి, ఈ వైడ్ లెన్స్‌ల వెనక గాజు ఫిల్మ్‌కి బాగా దగ్గరగా వచ్చేస్తుంది. మూలలకు వెలుగు ఏటవాలుగా పడుతుంది. ఫిల్మ్‌కి దాంతో ఇబ్బంది లేదు. సోనీ సెన్సర్ ముందు మాత్రం మందపాటి గాజు పొర ఉంది, ఏటవాలు కిరణాలు దాంట్లో పక్కకు జరిగి మూలలు అలికినట్టవుతాయి. సెన్సర్ మీద అలా ఏటవాలుగా పడటం వల్లే ఊదారంగూ వస్తుంది. లైకా తన డిజిటల్ కెమెరాల్లో ఆ పొరను పల్చగా పెట్టింది అందుకే.

రంగుకి మందుంది. ప్రతి ఫొటో తర్వాత, అదే ఎపర్చర్‌లో (లెన్స్ లోపలి రంధ్రం సైజు మార్చకుండా), లెన్స్ ముందు పాలరంగు ప్లాస్టిక్ షీటు పెట్టి ఇంకొకటి తీయండి. ఫొటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో లైబ్రరీ మెనూలో ఉన్న ఫ్లాట్-ఫీల్డ్ కరెక్షన్‌కి ఆ జంటను ఇస్తే ఊదారంగు దాదాపు పోతుంది. విసుగు పనే, కానీ పనిచేస్తుంది.

అలికినట్టుండటం అలా పోదు. ఎపర్చర్‌ను ఎఫ్/11కి తగ్గిస్తే కొంత తగ్గుతుంది, సెన్సర్ మధ్య భాగాన్నే వాడే ఏపీఎస్-సీ క్రాప్ మోడ్‌లో మూలలే కత్తిరించుకుపోతాయి. 15 ఎంఎం తప్పనిసరైతే 2015లో వచ్చిన మూడో వెర్షన్ వెతకండి, డిజిటల్ సెన్సర్లను దృష్టిలో పెట్టుకుని చేశారు. మీ దగ్గరున్న 50 ఎంఎం లెన్స్ అంత వైడ్ కాదు కాబట్టి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.