జెర్రిపోతు పేరులో జెర్రి ఎక్కడిది?

జెర్రిపోతు అనే పేరుకి అర్థం ఏంటి, జెర్రికీ దానికీ ఏమన్నా చుట్టరికం ఉందా, జెర్రిపోతులన్నీ మగవే అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారు నిజమేనా అని అడిగారు. పల్లెటూళ్ళో, వరి పొలాల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి ఈ పాముతో పరిచయం ఎక్కువే. నాకు తెలిసింది చెప్తాను.

గోడవారన పాకే కాళ్ళ జెర్రికీ ఈ పాముకీ సంబంధం లేదు. ఇది నాకు తట్టింది బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు. ఆఫీసు పార్కింగ్‌లోకి పొడవాటి పామొకటి వస్తే అందరూ తలో దిక్కు పరిగెత్తారు. సెక్యూరిటీ ఆయన మాత్రం నింపాదిగా "కేరె హావు, ఏనూ మాడల్ల" అన్నాడు. ఏమీ చెయ్యదని. నా పక్కనున్న తమిళ మిత్రుడు, తమ ఊళ్ళో దాన్ని సారై పాంబు అంటారన్నాడు. మలయాళంలో చేర. కన్నడంలో 'క' ఉన్నచోట మనకు 'చ' రావడం మామూలే కదా: వాళ్ళ కివి మన చెవి, వాళ్ళ కెరె మన చెరువు, వాళ్ళ కై మన చెయ్యి. కేరె, చేర, సారై, మన జెర్రిపోతులోని జెరి, అన్నీ ఒక తల్లి పిల్లలే. ద్రావిడ భాషల నిఘంటువు కూడా వీటిని ఒక్కచోటే చూపిస్తుంది. అంటే ఆ మొదటి ముక్కే అసలు పాము పేరు. మనకు అది విడిగా వాడుకలో లేకుండా పోయేసరికి, జెర్రి అనగానే కాళ్ళ పురుగు గుర్తొచ్చి అందరం దానికి ముడిపెట్టేశాం అని నా లెక్క. 'వెయ్యి కాళ్ళ జెర్రికి ఒక కాలు విరిగితేనేం' అన్న సామెతలో ఉన్నది పురుగే.

పేరు పాతదే. విశాఖపట్నంలో ఉండి పాముల్ని పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు 1796లో అచ్చయిన తన పుస్తకంలో చాలా పాములకు ఇక్కడివాళ్ళు చెప్పిన పేర్లే రాసుకున్నాడు. అందులో జెర్రిపోతు ఉంది, పసిరిక పాము ఉంది, రక్తపింజరకు 'కాటుక రేకుల పొడ' అనే ముచ్చటైన పేరు కూడా ఉంది. మాటలో మాట, ఆయన రాసిన 'బంగారు పాము' నుంచే కట్లపాముల జాతికి బుంగారస్ అనే శాస్త్రీయ నామం వచ్చింది. ప్రపంచమంతా పలుకుతున్నది మన బంగారాన్నే.

ఇక పోతు. దున్నపోతు, మేకపోతులో ఉన్న పోతే ఇది, మగది అని. దీంతోనే వచ్చింది చిక్కంతా. 'జెర్రిపోతుల్లో ఆడవి ఉండవు, అందుకే తాచుపాముతో జత కడతాయి' అని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్తారు. కొన్నిచోట్ల దీన్నే జెర్రిగొడ్డు అంటారు. ఒక పేరులో పోతు, ఇంకో పేరులో గొడ్డు, పాపం దానికి సంసారమే లేకుండా చేశారు మనవాళ్ళు! నిజానికి ఆడ జెర్రిపోతులు ఉన్నాయి, గుడ్లు పెడతాయి, పిల్లల్ని చేస్తాయి. తాచుది ఒక కుటుంబం, దీనిది వేరే కుటుంబం. వాటి మధ్య జత అనేది జరిగే పని కాదు. పొలం గట్ల మీద రెండు పాములు పెనవేసుకుని నిలువునా లేస్తే సయ్యాట అని చెప్పి వాటి మీద తువ్వాలు వేసేవాళ్ళని చూశాను. చాలాసార్లు అవి రెండూ మగ జెర్రిపోతులే, ఒకదాన్నొకటి కింద పడేయాలని చేసే కుస్తీ అది. కొరుక్కోవు, ఓడింది జారుకుంటుంది. అడవి ప్రాంతాల్లో గిరినాగు, అదే కింగ్ కోబ్రా, జెర్రిపోతు దగ్గరికి వచ్చిందంటే అది పెళ్ళికి కాదు, భోజనానికి. గిరినాగుకి ఇష్టమైన తిండి ఇది.

వాడుక దగ్గరికి వస్తే, మా ఇంట్లో ఈ పేరు ధైర్యం చెప్పడానికే ఎక్కువ వాడేవారు. గడ్డివాము దగ్గర ఏదో పాకిందని అరిస్తే నాన్న లోపల్నుంచే "జెర్రిపోతయ్యుంటుందిలే, ఎలకల కోసం వచ్చుంటుంది, పోనీ" అనేవాడు. పొడుగ్గా, సన్నగా ఎదిగిన పిల్లల్ని చూసి మా పెద్దమ్మ "జెర్రిపోతులా సాగావేంరా" అనేది. అది మెచ్చుకోలే. విషం లేని పాము అని అందరికీ తెలుసు. అయినా కర్ర దెబ్బలు ఎక్కువ తినేదీ ఇదే. పగలు తిరుగుతుంది, మనిషి కంటే పొడవు ఉంటుంది, కంటపడకుండా ఎలా ఉంటుంది? చంపేసినవాళ్ళు మాత్రం జెర్రిపోతుని చంపామని చెప్పరు. సాయంత్రానికి అది తాచుపాము అయిపోతుంది.

ఇందులో నాకు టెన్షన్ పెట్టేది రెండోవైపు వాడుక. పడగ ఎత్తని తాచుని చూసి 'జెర్రిపోతే' అనేసి దగ్గరికి వెళ్ళేవాళ్ళున్నారు. రంగు చూసి నిర్ణయించొద్దు, రెండూ గోధుమరంగులోనే ఉండొచ్చు. జెర్రిపోతు కళ్ళు పెద్దవి, పెదవుల మీద నిలువుగా నల్లటి గీతలు ఉంటాయి, మెడ సన్నగా ఉంటుంది. బెదిరిస్తే మెడ ఉబ్బించి బుస కొడుతుంది కానీ పడగ మాత్రం విప్పదు. ఈ తేడాలు దూరం నుంచి, పగటి వెలుతురులో చూడ్డానికే. చీకట్లో కనిపించిన దాన్ని జెర్రిపోతు అనుకోవద్దు, ఆ వేళకి అది తిరగడం అరుదు, కట్లపాము తిరిగే సమయం అది. ఏ పామో తెలియకుండా కాటు పడితే పేరు కోసం వెతుకుతూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్ళిపోండి.

జెర్రిపోతు తోకతో కొడుతుంది, ఆవుల కాళ్ళకి చుట్టుకుని పాలు తాగుతుంది అనేవి కూడా మీ ఇంట్లో చెప్పే ఉంటారు. పాలు తాగే కథ ఉత్తదే. పట్టుకుంటే మాత్రం తోక విదిలిస్తుంది, గట్టిగానే కొరుకుతుంది. విషం లేదంటే కోపం కూడా లేదని కాదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికీ వర్తిస్తుంది, పట్టినా చంపినా కేసే. ఇంట్లోకి వస్తే తలుపు తీసి, పక్కకు తప్పుకోండి. దానికి కావాల్సింది ఎలుక, అది దొరక్కపోతే దాని దారిన అదే పోతుంది.