డాక్టర్ సలహా: కుందేలు గడ్డి ముట్టకపోతే దవడ పళ్లు చూపించండి

ప్రశ్న: మాది కావలి. మా ఆడ కుందేలుకు మూడేళ్లు. ఇంతవరకు ఏ డాక్టరుకూ చూపించలేదు. దాణా, క్యారెట్ బాగానే తింటోంది గానీ నెల నుంచి గడ్డి ముట్టడం లేదు. కుక్కలకు వేయించినట్టు ఏటా టీకాలు వేయించాలా? హుషారుగానే ఉన్నా పరీక్షలు అవసరమా?

జవాబు: కుక్కలకు వేసినట్టు ఏటా వేసే టీకాలు మన దగ్గర పెంపుడు కుందేళ్లకు వాడుకలో లేవు. పరీక్ష మాత్రం కావాలి. ఐదేళ్లలోపు ఏడాదికోసారి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి. అయితే మీరు మామూలుగా రాసేసిన గడ్డి సంగతే నాకు ఆందోళనగా ఉంది. ఈ వారంలోనే చూపించండి.

కుందేలు పళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లయితే వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు. గడ్డిని అటూఇటూ నూరితేనే దవడ పళ్లు అరుగుతాయి. దాణా కొరకగానే పొడైపోతుంది, పళ్లకు పని ఉండదు. అరగని పళ్ల అంచులు మొనదేలి, కిందివి నాలుకను, పైవి బుగ్గను కోస్తాయి. అప్పుడు ఆకలి ఉన్నా గడ్డి నూరలేక దాణా వైపే పోతుంది. గదమ కింద తడిగా ఉందా, కంట్లో నీరు కారుతోందా చూడండి.

మొత్తం 28 పళ్లలో 22 దవడ పళ్లే. పెదవి ఎత్తి ముందు పళ్లు చూసినంత మాత్రాన పరీక్ష అయిపోయినట్టు కాదు. చెవి చూసే ఒటోస్కోప్‌ను నోటి పక్కనుంచి పెట్టి లోపలి పళ్లు చూడమని అడగండి. అనుమానం మిగిలితే మత్తిచ్చి చూడాలి, ఎక్స్‌రే తీయాలి. మొనలు ఉంటే డ్రిల్‌తో అరగదీస్తారు. కట్టర్‌తో మాత్రం కత్తిరించనివ్వకండి, పన్ను నిలువునా చీలి వేరు దగ్గర చీము పడుతుంది. మత్తుకు ముందు కుక్కల్లాగా పస్తు ఉంచకూడదు. కుందేలు వాంతి చేసుకోలేదు, పైగా ఖాళీగా ఉంచితే పేగుల కదలిక మందగిస్తుంది.

మీది ఆడది కాబట్టి గర్భసంచి కూడా చూపించాలి. కొన్ని జాతుల్లో నాలుగేళ్లు దాటిన, ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లలో సగానికి పైగా వాటికి గర్భసంచి క్యాన్సర్ వస్తుంది. మూత్రం ఎర్రగా ఉంటే అది ఆకుల రంగు కావచ్చు, రక్తమూ కావచ్చు, పరీక్షతోనే తేలుతుంది. గర్భసంచి తీయించడానికి మీ కుందేలుకు ఇదే సరైన సమయం. నెల్లూరులో కుందేళ్లకు మత్తిచ్చిన అనుభవం ఉన్న డాక్టరు దొరకకపోతే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రిలో అడగండి.

వెళ్లేటప్పుడు ఆ రోజు పెంటికలు కొన్ని కవరులో పట్టుకెళ్లండి. గోళ్లు, చెవుల్లో గజ్జి, వెనక పాదాల కింద పుండ్లు కూడా చూస్తారు. ఇంట్లో వంటింటి కాటా మీద వారానికోసారి తూచి రాసుకోండి. 2 కిలోల కుందేలు 200 గ్రాములు తగ్గిందంటే పైకి ఎంత హుషారుగా ఉన్నా జబ్బే.

ప్రయాణం తెల్లవారుజామునే పెట్టుకోండి. 30 డిగ్రీలు దాటితేనే కుందేలుకు కష్టం, మన ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. బుట్టలో తువ్వాలు చుట్టిన ఐస్ బాటిల్ పెట్టండి. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి వెనక కాళ్ల కింద ఉండాలి. గింజుకుంటే వెన్నెముక విరుగుతుంది.

పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ పట్టకండి, పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి ప్రాణం మీదికొస్తుంది. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ చుక్కలూ వేయకండి, అవి కుందేలుకు విషం.

పళ్లకు వైద్యం అయ్యేదాకా దాణా ఆపకండి. తర్వాత కిలో బరువుకు రోజుకు 25 గ్రాములకు తగ్గించి, మందు కొట్టని చోట కోసిన గరిక తిన్నంత పెట్టండి. ఈలోగా 12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, తెల్లారేదాకా ఆగకండి.