సింథసైజర్ ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. కీబోర్డు వాయిస్తాను. ప్రాజెక్టుగా సింథసైజర్ (వాయిద్యాల ధ్వనులను కృత్రిమంగా పుట్టించే) సాఫ్ట్‌వేర్ తయారు చేయాలని ఉంది. ‘పాటల ప్రాజెక్టు చూసి ఉద్యోగం ఎవరిస్తారు? ఏఐ మీద ఏదైనా చెయ్యి’ అంటున్నారు నాన్న. ఏం చేయమంటారు?

జవాబు: చేయండి. కాకపోతే పది రకాల వాయిద్యాలు పెట్టాలనుకోకండి. ఒక్క తీగ మోగిస్తే చాలు.

వంద అంకెల వరస తీసుకుని అందులో అడ్డదిడ్డంగా (ర్యాండమ్‌గా) విలువలు నింపండి. ప్రతి అంకె స్థానంలో దానికీ పక్కదానికీ సగటు వేస్తూ వరసను తిప్పుతూ ఉండండి. సెకనుకు 44,100 శాంపిళ్ల (అంకెల) లెక్కన వినిపిస్తే, 440 హెర్ట్జ్‌కు అటూ ఇటూగా తీగ మీటినట్టే ఉంటుంది. 1983లో వెలువడిన కార్‌ప్లస్-స్ట్రాంగ్ పద్ధతి ఇది. పైథాన్‌లో ఇరవై లైన్లు కూడా పట్టదు.

అసలు పని ఆ తర్వాతే. మీ కీబోర్డు మెట్ల మీద వీణలా గమకం పలకదని మీకు తెలిసే ఉంటుంది. ఇందులో పలికించి చూడండి. వరసను వంద నుంచి 99కి తగ్గిస్తే శ్రుతి నాలుగు హెర్ట్జ్‌కు పైగా ఒక్కసారే గెంతుతుంది. జారదు. తొంభై తొమ్మిదిన్నర అంకెల వరస ఎలా ఉంటుంది? ఇంటర్‌పొలేషన్ (రెండు అంకెల మధ్య ఉండే విలువను లెక్కగట్టడం) ఎందుకు పుట్టిందో అక్కడ అర్థమవుతుంది.

దీన్నే సీ ప్లస్ ప్లస్‌లో అప్పటికప్పుడు మోగేలా రాస్తే ఇంకో తలనొప్పి. 256 శాంపిళ్ల బఫర్ (స్పీకర్‌కు ఒక్కో విడతలో పంపే అంకెల మూట) నింపడానికి ఆరు మిల్లీసెకన్లు కూడా ఉండవు. ఆలస్యమైతే స్పీకర్ టప్పుమంటుంది. ఆ కోడ్‌లో ఫైలు తెరవకూడదు, కొత్తగా మెమరీ అడగకూడదు. ఎంబెడెడ్ (పరికరాల లోపలి చిప్‌లకు కోడ్ రాసే) ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో తవ్వి తవ్వి అడిగేది ఇలాంటివే. ‘టప్’ ఎందుకు వచ్చింది, ఎలా పోగొట్టారు అన్నది నోట్‌బుక్‌లో తేదీలతో రాసి పెట్టుకోండి.

నాన్నగారి టెన్షన్‌లోనూ న్యాయం ఉంది. సింథసైజర్లు తయారు చేసే కంపెనీలు మన దగ్గర అరుదు. వందల మందిని ఒకేసారి తీసుకునే సర్వీస్ కంపెనీలు ముందు చూసేది కోడింగ్ టెస్టు మార్కులే, దాన్ని వదలకండి. కానీ డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్, మీరు చేయబోయే ఈ పనే) తెలిసినవాళ్లకు క్వాల్‌కామ్, డాల్బీ, హార్మన్ లాంటి చోట్ల పని ఉంటుంది. ఆయనకు ఇవన్నీ చెప్పే ముందు ఆ తీగ ఒకసారి వినిపించండి.