గురక పెడితే మొద్దునిద్ర కాదు అమ్మణ్ణీ

అమ్మణ్ణీ,

పిలకాయ రాత్రంతా గురక పెడతాడనీ, మంచమంతా దొర్లుతాడనీ, బళ్లో ఒకచోట కూర్చోడంటున్నారనీ రాశావు. "బాగా అలిసిపోయి మొద్దునిద్ర పోతున్నాడు" అని మీ అత్తగారు అంటున్నారు చూడు, ఆ మాట నమ్మొద్దు. గురక వస్తోందంటే గాలి ఇరుకుదారిన పోతోందని. నిద్ర చాలకపోతే పెద్దవాళ్లు తూగుతారు, పిల్లలు గంతులేస్తారు. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

జలుబు చేసి నాలుగు రోజులు గురక పెడితే పట్టించుకోనక్కర్లేదు. జలుబు లేకున్నా వారానికి మూడు రాత్రులు, ఆపైన పెడుతుంటే చూపించాల్సిందే. దానికి ముందు నువ్వొక పని చెయ్యి. తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టుకుని లే. ఊపిరి ఇబ్బంది ఆ వేళకే ముదురుతుంది. పడుకున్న గంటకే తొంగి చూస్తే ఏమీ కనపడకపోవచ్చు. కూలర్ ఆపి, బనీను పైకి లాగి, మొహం నుంచి బొడ్డు దాకా కనపడేట్టు ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తియ్యి. నోరు తెరిచి, తల వెనక్కి వాల్చి పడుకున్నాడా? ఊపిరి పీల్చేటప్పుడు రొమ్ము లోపలికి గుంటపడి పొట్ట పైకి లేస్తోందా? గురక ఉన్నట్టుండి ఆగి, మళ్లీ ఎగపీల్పుతో మొదలవుతోందా? మానేసిన పక్కతడపడం మళ్లీ వచ్చిందా? తల చెమట కూడా చూడాలి గానీ, రోహిణి కార్తెలో మన నెల్లూరు ఎండలకి అందరి దిండ్లూ తడుస్తాయి, దాన్నొక్కదాన్నే లెక్కలోకి తీసుకోకు.

చిన్నపిల్లలకి ఇట్టా ఉంటే ఎక్కువగా ముక్కు వెనక అడినాయిడ్లనే మెత్తటి కండో, గొంతులో టాన్సిల్సో పెరిగి ఉంటాయి. నెల్లూరైనా సరే, ఒంగోలైనా సరే, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి ఆ వీడియో పట్టుకుపో. మరీ ఎక్కువ లేకపోతే ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే కొన్ని వారాలు వాడమంటారు. అది పనిచెయ్యలేదని వచ్చేవాళ్లలో చాలామంది కొట్టే తీరే తప్పు. ముందు ఉప్పునీటి చుక్కలతో ముక్కు శుభ్రం చెయ్యి. తల కొంచెం ముందుకి వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులో, ఎడమచేత్తో కుడి ముక్కులో, మొన బయటి వైపు చెవికేసి ఉండేట్టు కొట్టు. మధ్యగోడ మీద పడితే నెత్తురొస్తుంది. నాలుగు రోజులకే గుణం కనపడలేదని మానెయ్యొద్దు.

స్ప్రేతో తగ్గక, వాటిని తీసెయ్యడానికి ఆపరేషన్ అంటే హడలిపోకు. ఊగే పాలపన్ను ఉంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పు. ఇంటికొచ్చాక గొంతులో తెల్లటి పొర కడుతుంది, అది చీము కాదు. ఐదో రోజు నుంచి పదో రోజు లోపు ఆ పొర ఊడేటప్పుడు నెత్తురు రావచ్చు. ఎర్రటి నెత్తురు ఉమ్మితే ఎంత రాత్రైనా ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే. మెత్తగా పిసికిన పెరుగన్నం పెట్టు, గంటగంటకీ నీళ్లు తాగించు. నొప్పి అని మింగడం మానేస్తే గొంతు ఎండి నొప్పి ఇంకా పెరుగుతుంది. కారం దోసె రెండు వారాలు వాడి కంటపడనివ్వకు.

ఇక చిన్నదాని సంగతి. పడుకున్న ఒకటి రెండు గంటలకే లేచి కేకలేసి, కళ్లు తెరిచి ఉన్నా నిన్ను గుర్తుపట్టక, తెల్లారి ఏమీ తెలియదంటే అది పీడకల కాదు, నిద్రలో వచ్చే భయం. పీడకల తెల్లవారుజామున వస్తుంది, పిల్ల దాన్ని చెప్పగలదు. కుదిపి లేపొద్దు, నీళ్లు చల్లొద్దు. పడిపోకుండా పక్కన కూర్చో, అదే సర్దుకుంటుంది. రోజూ ఒకే వేళకి వస్తుంటే, ఆ వేళకి పావుగంట ముందు కాస్త కదిపి మళ్లీ పడుకోబెట్టు, రెండు మూడు వారాలు. తాయెత్తు కడితే కట్టుకోనీ, పోట్లాడకు. కానీ ఒకే రాత్రి పదేపదే వచ్చినా, కాళ్లూచేతులూ కొట్టుకున్నా మూర్ఛేమో చూపించాలి.

సాయంత్రం కాగానే కాళ్లు పీకుతున్నాయని పిసికించుకుంటోందన్నావు. నెత్తురు పరీక్షలో హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ కూడా రాయించు, ఐరన్ తగ్గినా కాళ్లు ఇట్టా పీకుతాయి. అది మిల్లీలీటరుకి 50 నానోగ్రాముల కన్నా తక్కువుంటే డాక్టరు ఐరన్ సిరప్ ఇవ్వొచ్చు. దాన్ని పాలతో గానీ టీతో గానీ పొయ్యొద్దు, ఒంటికి పట్టదు, నిమ్మరసంతో ఇవ్వు. ఆ మందుకి విరోచనం నల్లగా అయితే కంగారుపడకు.

నిద్రపడుతుందని దగ్గుమందు మాత్రం ఇద్దరికీ పొయ్యొద్దు. గురక పెట్టేవాడికి మత్తు మందు మరీ ప్రమాదం.

వీడియో తీశాక నాకూ పంపు. చీకట్లో తియ్యకు, బెడ్‌లైటు వేసి తియ్యి.

మీ పెద్దమ్మ