విజయనగరం నుంచి హైదరాబాద్‌కు: ఇల్లెక్కడ తీసుకోవాలి?

ప్రశ్న: మాది విజయనగరం. మా కంపెనీ నన్ను హైదరాబాద్‌లోని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ కార్యాలయానికి బదిలీ చేసింది. మార్చిలో చేరి, ప్రస్తుతానికి గచ్చిబౌలిలో ఒక హాస్టల్‌లో ఉంటున్నాను. నెలకు 62,000 రూపాయలు చేతికొస్తాయి. ఊళ్లో 8,000 అద్దెకు పెరడున్న పోర్షన్‌లో ఉంటున్న కుటుంబం మాది: నా భార్య, ఎనిమిది, మూడు తరగతులు చదువుతున్న ఇద్దరు ఆడపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ. ఆఫీసుకు దగ్గర్లో డబుల్ బెడ్‌రూమ్ అడిగితే మెయింటెనెన్స్ కాకుండానే 32,000 అన్నారు. బీరంగూడలో 17,000కు ఒకటి చూశాను. అద్దె దండగ, అప్పు తీసుకుని ఫ్లాట్ కొనమని స్నేహితులు అంటున్నారు. పిల్లల్ని ఇంకో ఏడాది విజయనగరంలోనే చదవనివ్వమని అమ్మ అంటోంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు

జవాబు: మీ అమ్మగారి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీరు అడిగిన వాటిలో గడువున్నది దానికొక్కదానికే. మీ పెద్దమ్మాయి ఈ వేసవితో ఎనిమిదో తరగతి పూర్తి చేస్తుంది. తెలంగాణలో వృత్తి విద్యా కోర్సుల సీట్లకు స్థానిక అభ్యర్థిగా లెక్కలోకి రావాలంటే, ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఇక్కడి విద్యాసంస్థల్లో చదివి ఉండాలన్నది ప్రధానమైన నిబంధన. ఎంబీబీఎస్ సీట్ల విషయంలో దీన్ని సుప్రీంకోర్టు కూడా 2025 సెప్టెంబరులో సమర్థించింది. అమ్మాయి ఈ జూన్‌లో ఇక్కడ తొమ్మిదిలో చేరితే ఆ నాలుగేళ్లూ సరిగ్గా సరిపోతాయి. ఒక్క ఏడాది ఆగి పదో తరగతికి వస్తే మూడేళ్లే అవుతాయి. పైచదువులకు ఆంధ్రప్రదేశ్‌కే తిరిగి పంపే ఉద్దేశం మీకుంటే సంగతి వేరు, అప్పుడు అమ్మగారి మాటే సరి. లేదంటే మాత్రం కుటుంబమంతా ఈ వేసవిలోనే కదలడం మంచిది.

ఇక అద్దె. 32,000కూ 17,000కూ మధ్య తేడా 15,000 అని మీరు అనుకుంటున్నారు, కానీ టూలెట్ బోర్డు చూపించేది సగం లెక్కే. బీరంగూడ నుంచి మీ ఆఫీసుకు ఒక వైపు 18 కిలోమీటర్లు అనుకుందాం. నెలకు 24 రోజులు బండి మీద తిరిగితే 860 కిలోమీటర్ల పైమాటే, పెట్రోలుకు రెండు వేలు దాటుతుంది. బడి కాలనీకి దూరమైతే ఇద్దరు పిల్లల వ్యాను ఖర్చు, వేసవిలో ట్యాంకర్ నీళ్లలో మీ వాటా, మెయింటెనెన్స్ కూడా కలపండి. ఇవన్నీ కలిపాక కూడా ఏడెనిమిది వేలు మిగిలితే ఆ దూరం మోయదగినదే. మూడు వేలే మిగిలేట్టయితే ఆ మూడు వేల కోసం రోజుకు రెండున్నర గంటలు రోడ్డు మీద పోగొట్టుకోవడం నాకు నచ్చదు. నా లెక్కలో అద్దె, మెయింటెనెన్స్, నీళ్లు మూడూ కలిసి చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదు. మీకది 20,000 చిల్లర. ఎక్కువ అద్దె కడితే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను కలిసొస్తుందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, మీ జీతానికేమో కొత్త విధానంలో అసలు పన్నే పడదు.

ఆఫీసు చుట్టూ గీత గీసుకుని ఇల్లు వెతకడం ఈ నగరానికి కొత్తగా వచ్చిన ప్రతివారూ చేసే పని. నేనైతే బడి చుట్టూ గీస్తాను. పెద్దమ్మాయికి తగిన బడిని ముందు ఖాయం చేసుకుని, ఇద్దరూ నడిచో, పది నిమిషాల ఆటోలోనో వెళ్లగలిగేంత దగ్గర్లో ఇల్లు చూసుకోండి. దూరప్రయాణం పెద్దవాళ్లు చేయగలరు, పొద్దున్న ఆరున్నరకే వ్యానెక్కే మూడో తరగతి పిల్ల చేయలేదు.

బీరంగూడ, అమీన్‌పూర్, పటాన్‌చెరు వైపు అద్దెలు తక్కువే. అయితే అటునుంచి లింగంపల్లి మీదుగా వస్తే రైల్వే అండర్‌బ్రిడ్జి దగ్గర గట్టి వాన పడిన రోజు నీళ్లు నిలిచి దారి ఆగిపోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఉంది కదా అనుకోవద్దు, దాని ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు, సర్వీసు రోడ్డే గతి. మెట్రో రాయదుర్గం వరకే వస్తుంది. మియాపూర్‌లో ఎక్కితే అమీర్‌పేటలో రైలు మారి చుట్టూ తిరిగి రావాలి, దిగాక మళ్లీ షేర్ ఆటో. చందానగర్, హఫీజ్‌పేటలకు ఎంఎంటీఎస్ లోకల్ రైలు చౌకే కానీ రైళ్లు తక్కువ. కొత్తవాళ్లంతా ఉత్తరం వైపే చూస్తారు గానీ దక్షిణాన అత్తాపూర్, బండ్లగూడ జాగీర్, కిస్మత్‌పూర్ కూడా ఒకసారి చూడండి. అక్కడి నుంచి నార్సింగి మీదుగా మీ ఆఫీసుకు దారి ఉంది, మెహదీపట్నం ఆసుపత్రులు అమ్మగారికి దగ్గరవుతాయి. ఆమె మోకాళ్ల దృష్ట్యా లిఫ్టు లేని మూడో అంతస్తు కంటే పాత ఇండిపెండెంట్ ఇంట్లో గ్రౌండ్ ఫ్లోర్ పోర్షనే నయం, అద్దె కూడా కలిసొస్తుంది. ఇంకొక సంగతి: ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్ కావాలంటే తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. అందుకని దిగిన నెలలోనే మీ ఇంట్లో ఆడవాళ్ల ఆధార్ చిరునామా మార్పించండి.

ఇల్లు చూడడానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్లకండి. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆ వీధిలో బయల్దేరి ఆఫీసుదాకా ఒకసారి, సాయంత్రం ఏడింటికి తిరిగి ఒకసారి ప్రయాణం చేసి చూడండి. ఇంట్లోకి అడుగుపెట్టగానే బెడ్‌రూముల కొలతలకంటే ముందు బాత్‌రూమ్ కుళాయి చూడండి. దాని మూతి చుట్టూ తెల్లటి పొర పేరుకుని ఉంటే అది ఉప్పు బోరు నీళ్లని అర్థం, ఆ ఇంట్లో తాగడానికీ వంటకూ నీళ్ల క్యాన్ల ఖర్చు వేరే ఉంటుంది. మేము ఈ నగరానికి వచ్చిన కొత్తలో ఆగస్టులో ఇల్లు చూసి, సంపు నిండుగా ఉందని మురిసిపోయి అడ్వాన్స్ ఇచ్చేశాం; ఫిబ్రవరి చివరికల్లా బోరు వట్టిపోయి, రాత్రి పదకొండింటికి వచ్చే ట్యాంకర్ కోసం పైపు పట్టుకుని నిలబడవలసి వచ్చింది. మీరు ఇల్లు వెతికేది ఎలాగూ ఏప్రిల్, మే నెలల్లోనే కాబట్టి ఆ మోసం మీకు జరగదు. వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి, ఈ వారం ట్యాంకర్లు ఎన్ని వచ్చాయో, మంజీరా నీళ్లు (జలమండలి కుళాయి నీళ్లు) రోజు విడిచి రోజు వస్తాయో లేదో అడగండి. బ్రోకర్ నెల అద్దె కమీషన్‌గా తీసుకుని కూడా చెప్పని నిజాన్ని ఆయన ఒక టీ తాగేలోపు చెప్పేస్తాడు.

బేరానికి మంచి కాలం ఆషాఢం. కొత్తగా దిగేవాళ్లుండరు, ఇల్లు ఖాళీగా ఉంచడం ఇష్టంలేక ఓనర్లు వెయ్యీ రెండు వేలూ తగ్గుతారు. బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి మీకు అంత వ్యవధి లేదు. అమ్మగారికి పట్టింపు ఉంటే ఓ మంచి రోజు చూసి ముందే పాలు పొంగించేయండి.

ఫ్లాట్ కొనే ఆలోచన మాత్రం ఇప్పుడు వద్దు. 50 లక్షల ఫ్లాట్‌కు 40 లక్షల అప్పు, 20 ఏళ్లు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ అనుకుంటే నెల వాయిదా దాదాపు 34,700. మీ జీతంలో 27,000 మిగులుతాయి, వాటితో ఐదుగురు బతకాలి. మిగతా 10 లక్షలకు తోడు రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం చొప్పున 3.75 లక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి. చవగ్గా వస్తోందని శివార్లలో కొనేవాళ్లు చెరువు ఎఫ్‌టీఎల్ హద్దుల (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దుల) గురించి 2024లో, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక గానీ వినలేదు. కనీసం రెండేళ్లు అద్దెకుండి, ఏ వీధిలో నీళ్లుంటాయో, ఏ బడిలో మీ పిల్లలు కుదురుకున్నారో తెలిశాక ఆ సంగతి చూద్దురు గాని. విజయనగరంలో స్థలమేమైనా ఉంటే ఈ ఫ్లాటు కోసం దాన్ని అమ్మకండి.

ప్రశ్న: మియాపూర్‌లో రెండేళ్లు అద్దెకున్న ఇల్లు ఖాళీ చేసి, పిల్లల బడి కోసం మాదాపూర్ వైపు మారుతున్నాం. పెయింటింగ్‌కంటూ ఒక నెల అద్దెను అడ్వాన్స్‌లో పట్టుకుంటానని ఓనర్ అంటున్నారు. ఇది న్యాయమేనా?
- ఒక గృహిణి

జవాబు: హైదరాబాద్‌లో చాలాచోట్ల ఈ అలవాటు ఉంది గానీ, అలవాటు వేరు, ఒప్పందం వేరు. ముందు మీ అగ్రిమెంట్ తీసి చదవండి. ఇక్కడ అందరూ అగ్రిమెంట్ 11 నెలలకే రాసుకుంటారు, ఆ నకలు ప్రతులన్నింటిలోనూ చివర్లో పెయింటింగ్ షరతు ఒకటి పడి ఉంటుంది. మీ సంతకం ఉన్న కాగితంలో అది ఉంటే వాదించి లాభం లేదు. లేకపోతే, గోడలకు వాడుక మరకలే తప్ప వేరే నష్టమేదీ లేదని ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపి, మిగిలిన అడ్వాన్స్ తేదీతో సహా అడగండి. మధ్యేమార్గంగా, పెయింటరును మీరే పెట్టి వేయిస్తానని చెప్పి చూడండి. డబుల్ బెడ్‌రూమ్‌కు ఒక కోటింగ్ మామూలు డిస్టెంపర్ మీ నెల అద్దెకంటే తక్కువలోనే పూర్తయ్యే అవకాశం ఎక్కువ. కొత్త ఇంట్లో మాత్రం ఈ వాక్యాన్ని సంతకానికి ముందే కొట్టేయించండి, కుదరకపోతే మొత్తాన్ని రూపాయల్లో రాయించండి. అక్కడ అద్దె ఎక్కువ కాబట్టి "ఒక నెల అద్దె" అని రాసి ఉంటే ఆ భారమూ దానితోపాటే పెరుగుతుంది.